కెమెరా కళ్లజోళ్లు, మన ప్రైవసీ: అందరూ అడిగే ప్రశ్నలు

మొన్న వేసవిలో నేనొక కెమెరా ఉన్న కళ్లజోడు కొన్నా, స్మార్ట్ గ్లాసెస్ అంటారు. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా ఇవే ప్రశ్నలు, అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఫీస్ క్యాంటీన్లో, పెళ్లి భోజనాల దగ్గర, మా పళ్ల డాక్టర్ గారైతే నా నోట్లో అద్దం పెట్టి మరీ అడిగారు, నేనేం సమాధానం చెప్పను. ఒక్కొక్కళ్లకీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇలా రాసి పెడుతున్నా. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఏదో దాని దగ్గరికి వెళ్లిపోండి. నేను లాయర్ని కాదు, సెక్షన్లు చెప్పింది దారి తెలియడానికే.

## ఎదురుగా ఎవరో పెట్టుకుని కనిపించినప్పుడు

మామూలు కళ్లజోడా, కెమెరా ఉన్నదా? చూసి ఎలా కనిపెట్టాలి?

ఫ్రేమ్ ముందువైపు పై మూలలు చూడండి. మన దగ్గర ఎక్కువ కనిపించేది రేబాన్ మెటా (ఫేస్‌బుక్ వాళ్ల మెటా కంపెనీ, రేబాన్ కలిసి చేసింది), దాంట్లో ఒక మూల కెమెరా, రెండో మూల లైటు, రెండూ చొక్కా గుండీ కంటే చిన్న గుండ్రాలు. చెవుల మీదకొచ్చే కాడలు కూడా కాస్త లావుగా ఉంటాయి, బ్యాటరీ, స్పీకర్లు అందులోనే కదా. 2025 మేలో 29,900 రూపాయల నుంచి ఇండియాలో అమ్మడం మొదలుపెట్టారు.

కాడలు లావుగా ఉన్నాయని ప్రతివాడినీ అనుమానించకండి. టైటాన్ ఐఎక్స్, నాయిస్ ఐ1 లాంటివి 2022లోనే వచ్చాయి, వాటితో పాటలు వినొచ్చు, ఫోన్ మాట్లాడొచ్చు అంతే, కెమెరా లేదు.

లైటు వెలగట్లేదంటే రికార్డ్ అవ్వట్లేదనే కదా?

అలా గట్టిగా నమ్మకండి. 2021లో ఫేస్‌బుక్, రేబాన్ కలిసి మొదటి మోడల్ తెచ్చినప్పుడు ఆ లైటు ఎంత చిన్నదంటే, ఐర్లాండ్, ఇటలీ ప్రైవసీ అధికారులు ఇది చూసి ఎదుటివాళ్లకి అర్థమవుతుందా అని కంపెనీని నిలదీశారు. 2023 మోడల్లో లైటు పెద్దది చేశారు, దాని మీద టేప్ అతికిస్తే కెమెరా ఫోటో తీయనని మొరాయించేలా పెట్టారు. బాగానే ఉంది అనుకునేలోపు 2025 అక్టోబర్లో అమెరికాలో ఒకాయన 60 డాలర్లకి ఆ లైటు వెలగకుండా మార్చి ఇస్తున్నాడని వార్త వచ్చింది.

ఇంకా ఆన్‌లైన్‌లో దొరికే చవక స్పై కెమెరా కళ్లజోళ్లున్నాయి, వాటికి అసలు లైటే పెట్టరు, దాచి తీయడానికే చేసిన సరుకు అది. ఒరిజినల్ దానికైనా మిట్టమధ్యాహ్నం ఎండలో లైటు కనపడటం కష్టమే. పైగా లైటు కనపడినా అదేంటో తెలియాలిగా! పోయిన నెల మా కజిన్ పెళ్లిలో నేను వీడియో తీస్తుంటే మా మేనత్త దగ్గరికొచ్చి "ఒరేయ్, నీ కళ్లజోడుకేదో మిణుగురు పురుగు పట్టిందిరా" అంది. ఆ రోజు నుంచి లైటు ఉంది కదా, అందరికీ తెలుస్తుందిలే అనే మాట నేను మానేశా.

నాతో మాట్లాడినంతసేపూ తీస్తూనే ఉంటాడా?

ఆగకుండా గంటలకొద్దీ అయితే తీయలేడు. రేబాన్ మెటాలో వీడియో మొదట 60 సెకన్లే, తర్వాత 3 నిమిషాలకి పెంచారు, అది అయ్యాక మళ్లీ నొక్కాలి. కానీ ఇన్‌స్టాగ్రామ్ లైవ్ పెడితే ఒక దఫాకి 30 నిమిషాల వరకు పోతుంది. మైకులు 5 ఉంటాయి, కాబట్టి మీ మాటలు కూడా శుభ్రంగా రికార్డ్ అవుతాయి. చాలామంది ముఖం గురించే భయపడతారు గానీ నన్నడిగితే బస్సులో పక్కసీటు వాళ్లతో మన ఇంటి గొడవలు చెప్పుకుంటాం చూడండి, అవి రికార్డయితేనే ఎక్కువ ప్రమాదం.

నా ముఖం చూసి పేరు, ఊరు అన్నీ చెప్పేస్తుందంట, నిజమేనా?

చేసి చూపించారు. 2024 అక్టోబర్లో హార్వర్డ్‌లో చదివే ఇద్దరు కుర్రాళ్లు, ఈ కళ్లజోడు పెట్టుకుని దారిన పోయేవాళ్లని చూస్తే చాలు, పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ లాంటివి ఫోన్లోకి వచ్చేలా కట్టారు. ఇందులో కళ్లజోడు చేసింది చాలా తక్కువ. అది వీడియోని లైవ్ పెట్టింది, కంప్యూటర్ అందులోంచి ముఖాన్ని పట్టుకుంది, పిమ్‌ఐస్ అనే ముఖాలు వెతికే సైట్ ఆ ముఖం నెట్‌లో ఇంకెక్కడుందో చూపించింది, అక్కడ దొరికిన పేరుతో అమెరికాలో అడ్రసులు అమ్మే సైట్లలో వెతికితే మిగతాది వచ్చింది. వాళ్లు కోడ్ బయటపెట్టలేదు, ఇలా కూడా జరగొచ్చని జనానికి తెలియజెప్పడానికే చేశామన్నారు. కానీ విడిభాగాలన్నీ అప్పటికే బజార్లో ఉన్నాయి కదా, అదీ సంగతి.

మన దగ్గర అడ్రసులు అమ్మే సైట్లు అంత సులువుగా దొరకవు, కానీ ముఖం దగ్గర్నుంచి లింక్డ్‌ఇన్‌కి, అక్కడ్నుంచి కంపెనీకి వెళ్లడానికి ఎంతసేపు. చేయగలిగింది చేయండి: వాట్సాప్ డీపీ కాంటాక్ట్స్‌కి మాత్రమే కనపడేలా పెట్టండి, ఫేస్‌బుక్ ప్రొఫైల్ లాక్ చేయండి, లింక్డ్‌ఇన్ ఫోటో బయటివాళ్లకి కనపడకుండా ఆపండి, పిమ్‌ఐస్‌లో మన ముఖం తీసేయమని అడిగే ఫారం ఉంటుంది, అది నింపండి.

"ఏమండీ, రికార్డ్ చేస్తున్నారా" అని అడగొచ్చా? గొడవవ్వదా?

అడగండి, తప్పేం లేదు. నన్ను చాలామంది అడిగారు, నాకెప్పుడూ కోపం రాలేదు, నిజానికి అడిగినవాళ్లంటేనే గౌరవం. "ఏమండీ, అది కెమెరా ఉన్నదా? మా పిల్లలున్నారు, కాస్త తీసి జేబులో పెట్టుకుంటారా" అంటే చాలు. దొంగ అని మొదలుపెడితే మాత్రం అవతలివాడు ఏం తీయకపోయినా పౌరుషానికి పోతాడు. వినకపోతే బస్సులో కండక్టర్‌కి, మెట్రోలో స్టేషన్ స్టాఫ్‌కి, షాపులో మేనేజర్‌కి చెప్పండి, వెంటపడి మరీ తీస్తుంటే 112కి కాల్ చేయండి.

కోపమొచ్చి లాక్కుంటే? అక్కడికక్కడే డిలీట్ చేయిస్తే?

లాక్కోవద్దు, పగిలిందంటే కేసు మీ మీదకి తిరుగుతుంది. డిలీట్ విషయం చాలామంది ఆలోచించరు: తీయకూడనిది తీశాడనుకుంటే ఆ వీడియోనే మీకు సాక్ష్యం, మీ చేత్తో మీరే చెరిపించేస్తే తర్వాత పోలీసులకి ఏం చూపిస్తారు. పైగా ఫోన్ గ్యాలరీలో తీసేసినంత మాత్రాన పోదు, రీసెంట్లీ డిలీటెడ్‌లో ఉంటుంది, క్లౌడ్ బ్యాకప్‌లో ఉంటుంది, ఇంకా ఫోన్లోకి దించకపోతే కళ్లజోడు లోపలే ఉంటుంది. విషయం చిన్నదే, పోనీలే అనుకుంటేనే డిలీట్ చేయించండి, అప్పుడు ఇవన్నీ చూపించమనండి.

పక్కన ఇలాంటి గ్లాసెస్ ఉన్నాయని చెప్పే యాప్ ఏమైనా ఉందా?

బ్లూటూత్ సిగ్నల్ పట్టుకుని ఫలానా కంపెనీ వస్తువు దగ్గర్లో ఉందని చెప్పేవి ఉన్నాయి. కానీ అది రికార్డ్ చేస్తోందా లేదా చెప్పలేవు, అదే కంపెనీ వేరే వస్తువుకి కూడా మోగుతాయి. రద్దీ మెట్రోలో అది చూసుకుంటూ కూర్చుంటే బీపీ పెరగడం తప్ప ఉపయోగం లేదు.

## చట్టం ఏమంటుందో తెలుసుకోవాలనుకున్నప్పుడు

రోడ్డు మీద ఎవరైనా ఎవరినైనా తీయొచ్చు, పబ్లిక్ ప్లేస్ కదా అంటున్నారు. కరెక్టేనా?

సగం కరెక్టు. వీధిలో నడిచే మనిషి ముఖం తీయకూడదని నేరుగా చెప్పే చట్టం మనకి లేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కే అని తేల్చారు, అది పెద్ద మాటే, కానీ కూరగాయల మార్కెట్లో మిమ్మల్ని తీసినవాడి మీద దాంతో నేరుగా స్టేషన్‌కి వెళ్లలేరు.

శిక్ష పడే సెక్షన్లు వేరే ఉన్నాయి, అవి ఎక్కువగా ఏ చోట తీశారు, శరీరంలో ఏం తీశారు అనేదాన్ని బట్టి ఉంటాయి. భారతీయ న్యాయ సంహిత 77: ఎవరూ చూడరనే నమ్మకంతో ఆడవాళ్లు ప్రైవేట్‌గా ఉన్నప్పుడు చూడటం, తీయడం, పంచడం, మొదటిసారికి 1 నుంచి 3 ఏళ్లు, మళ్లీ చేస్తే 3 నుంచి 7 ఏళ్లు. 78 వెంటపడటం గురించి, 79 అవమానించేలా ప్రవర్తించడం, ప్రైవసీలోకి చొరబడటం గురించి. ఐటీ చట్టం 66ఈ అయితే ఆడామగా తేడా లేదు, ఎవరి ప్రైవేట్ భాగాలు ఒప్పుకోకుండా తీసినా పంచినా 3 ఏళ్ల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. ట్రయల్ రూమ్, హాస్టల్ బాత్రూమ్, పార్లర్ ఇలాంటి చోట తీస్తే చట్టం గట్టిగానే ఉంది. బస్టాప్‌లో నిలబడ్డ అమ్మాయి ముఖాన్ని తీసి రీల్ పెడితే మాత్రం పోలీసులు సెక్షన్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది, ఈ ఖాళీలోనే ఆ బాపతు రీల్స్ అన్నీ పుడుతున్నాయి.

కొత్త డేటా చట్టం వచ్చింది కదా, దాంతో తీసినవాడి మీద వెళ్లలేమా?

చాలాసార్లు కుదరదు. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టంలో, ఒక మనిషి సొంతానికో ఇంటి అవసరానికో వాడుకునే డేటాకి ఈ చట్టం వర్తించదని మూడో సెక్షన్లోనే రాశారు. కాబట్టి తీసి తన ఫోన్లో దాచుకున్నవాడు బయటపడిపోతాడు. డబ్బులొచ్చే ఛానల్లో పెడితే అది సొంత అవసరం ఎలా అవుతుందని వాదించొచ్చు, వాదించాలని నా అభిప్రాయం కూడా. కంపెనీల మీద మాత్రం బరువైన చట్టమే, జరిమానా 250 కోట్ల దాకా ఉంది. రూల్స్ 2025 నవంబర్లో వచ్చాయి గానీ అసలు బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే.

పోలీసులే ఇలాంటివి పెట్టుకుంటే?

2026 రిపబ్లిక్ డే బందోబస్తులో ఢిల్లీ పోలీసులు ముఖాలు గుర్తుపట్టే గ్లాసెస్ దించారు. మనకి ఇది కొత్తేం కాదు, తెలంగాణ పోలీసులు 2018 నుంచే యాప్‌లో ముఖాలు పోల్చి చూస్తున్నారు. 2021 లాక్‌డౌన్లో హైదరాబాద్‌లో పోలీసులు ఒక సామాజిక కార్యకర్తని ఆపి, మాస్క్ తీయమని ఫోటో తీశారు, ఎందుకు తీశారు, ఎక్కడ పెడతారు అని ఆయన 2022లో హైకోర్టుకి వెళ్లారు. తీసేది వీధిలో కుర్రాడైతే కనీసం ఎదురు అడగగలం, ఖాకీ చొక్కాని ఎవరడుగుతారు చెప్పండి.

## కొనే ముందు, పెట్టుకుని బయటికెళ్లేటప్పుడు

నేను కొంటే నా వీడియోలన్నీ కంపెనీకి వెళ్లిపోతాయా?

రేబాన్ మెటా సంగతి చెప్తా, నా దగ్గరున్నది అదే కాబట్టి. మామూలుగా తీసిన ఫోటో, వీడియో మీ ఫోన్లోనే ఉంటుంది, దాన్ని మేం వాడుకోం అని కంపెనీ అంటోంది. కానీ "హే మెటా, ఇదేంటో చూసి చెప్పు" అన్నారంటే ఆ బొమ్మ వాళ్ల సర్వర్‌కి పోతుంది, ఏఐ ట్రైనింగ్‌కి వాడుకోవచ్చు, మనుషులు కూడా చూసే అవకాశముందని వాళ్ల షరతుల్లోనే ఉంది. 2025 ఏప్రిల్లో పాలసీ మార్చారు: మీరు "హే మెటా" అని మొదలుపెట్టి మాట్లాడిన వాయిస్ రికార్డింగులు ఏడాది దాకా దాచుకోవచ్చు, అసలు దాచొద్దు అని చెప్పే ఆప్షన్ తీసేశారు, యాప్‌లోకి వెళ్లి ఒక్కోటీ మీరే చెరుపుకోవాలి.

అంటే మెనూ కార్డు చదవమని అడిగినప్పుడు పక్క టేబుల్ మీద కూర్చున్న కుటుంబం కూడా ఆ ఫోటోలో పోయింది. మీరు షరతులకి టిక్కు పెట్టారు, వాళ్లు పెట్టలేదు.

గుడికి పెట్టుకెళ్లొచ్చా?

వద్దు. 2025 జనవరిలో అయోధ్య రామాలయంలో ఒకాయన, జులైలో తిరువనంతపురం పద్మనాభస్వామి గుడిలో ఇంకొకాయన కెమెరా గ్లాసెస్‌తో లోపలికెళ్లి పట్టుబడ్డారు. తిరుమలలో అయితే ఫోన్లు, కెమెరాలు లోపలికి రానివ్వరు, లగేజీ కౌంటర్లో ఫోన్‌తో పాటు ఇది కూడా ఇచ్చేయండి. కళ్లజోడే కదా, చెకింగ్‌లో ఎవరు చూస్తార్లే అనుకుంటే దర్శనం మాట దేవుడెరుగు, స్టేషన్లో కూర్చోవాలి.

సినిమా హాల్లో?

దాని డబ్బాలో పెట్టేసి, మళ్లీ బయటికొచ్చాకే పెట్టుకోండి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చారు, హాల్లో సినిమా రికార్డ్ చేస్తే 3 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, జరిమానా 3 లక్షల నుంచి మొదలై నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా. మన హీరోల బడ్జెట్లకి 5 శాతం ఎంతో లెక్కేసుకోండి. గూగుల్ తెచ్చిన కెమెరా కళ్లజోడు గూగుల్ గ్లాస్ రోజుల్లో, 2014 జనవరిలో, అమెరికా ఒహాయోలో ఒకాయన పవర్ అద్దాలున్న గ్లాస్ పెట్టుకుని సినిమాకెళ్తే, ఏమీ రికార్డ్ చేయకపోయినా కేంద్ర ఏజెంట్లు బయటికి తీసుకెళ్లి ప్రశ్నలేశారు.

పరీక్షలు, ఆఫీసు?

పరీక్ష హాల్లోకి ఆలోచనే వద్దు. జపాన్‌లో 2024లో వాసెదా యూనివర్సిటీ ఎంట్రన్స్‌లో ఒక కుర్రాడు ఇలాంటి కళ్లజోడుతో ప్రశ్నలు ఫోటో తీసి బయటికి పంపి దొరికిపోయాడు. ఇక ఐటీ ఆఫీసుల్లో ఫోన్ కెమెరాకే స్టిక్కర్ వేసే ఓడీసీలున్నాయి (క్లయింట్ పని కోసం విడిగా పెట్టిన చోట్లు), అక్కడ ఇది పెట్టుకుని బ్యాడ్జ్ కొట్టారంటే హెచ్చార్ నుంచి మెయిల్ వస్తుంది. విశాఖ ఎయిర్‌పోర్ట్ నేవీ స్థావరంలో భాగం, అక్కడ రన్‌వే వైపు కెమెరా తిప్పకండి.

నాకు సైట్ ఉంది, అందులో పవర్ లెన్స్ వేయించుకున్నా. తీసేయమంటే కళ్లు కనపడవు, ఎలా?

ఇంకో మామూలు జత బ్యాగులో పెట్టుకోండి, ఇంతకంటే మార్గం లేదు. నేను మొదట్లో ఇది చేయక ఒకసారి డయాగ్నస్టిక్ సెంటర్లో తీసేయమంటే, గోడ పట్టుకుని నడిచి టోకెన్ నంబర్ కనపడక నా వంతు పోగొట్టుకున్నా. ఆ సాయంత్రమే పాత ఫ్రేమ్‌కి కొత్త అద్దాలు వేయించా.

నా ఇంట్లో నేను పెట్టుకుంటే ఎవరికేం ఇబ్బంది?

ఇంట్లో మీరొక్కరే ఉంటారా? పనావిడ వస్తుంది, గ్యాస్ అబ్బాయి వస్తాడు, పిల్లల ఫ్రెండ్స్ వస్తారు. మా ఇంటికొచ్చే ఆవిడ రెండు రోజులు కొంగు సర్దుకుంటూనే పనిచేసింది, మూడో రోజు మా ఆవిడతో "అయ్యగారు కళ్లజోడుతో ఫోటోలు తీస్తారంట కదమ్మా" అంది. సిగ్గేసింది. ఆవిడ ఉన్నంతసేపూ ఇప్పుడది బీరువాలో ఉంటుంది. తనకి ఇష్టం లేకపోయినా జీతం ఇచ్చేవాళ్లని ఆపమని అడగడం తన వల్ల కాదు, కాబట్టి ఆవిడ అడిగేదాకా చూడకూడదు.

చూపు లేనివాళ్లకి చాలా ఉపయోగం అంటున్నారు. వాళ్లని కూడా అడ్డుకోవాలా?

అస్సలు వద్దు. బీ మై ఐస్ అనే సర్వీసు దీనికి కలిపారు, కళ్లజోడు కెమెరాలోంచి ఎక్కడో ఉన్న వాలంటీర్ చూసి "ఎడమ వైపు మెట్లున్నాయి" అని చెప్తారు. బస్సు బోర్డు, మందు సీసా మీద పేరు, ఇలాంటివి వేరేవాళ్లని అడక్కుండా చదువుకోగలగడం చిన్న విషయం కాదు. నిషేధం బోర్డు పెట్టే షాపులు, కాలేజీలు వీళ్లకి మినహాయింపు రాయాలి. తెల్లకర్ర పట్టుకున్న మనిషిని కూడా "తీసేయ్" అని కసరడం నా కళ్లతో చూశా, ఆ సెక్యూరిటీ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు పాపం.

వ్లాగ్ కోసం తీస్తా, ముఖాలు బ్లర్ చేస్తే సరిపోతుందా?

వెనకాల పోయే జనానికి సరిపోతుంది. ఒకే మనిషిని పట్టుకుని తీస్తే సరిపోదు, గొంతు, చీర, బండి నంబర్, షాపు పేరు చూసి ఊళ్లోవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. అమ్మాయిల దగ్గరికెళ్లి కబుర్లు చెప్తూ వాళ్లకి తెలియకుండా తీసి పెట్టే ట్రెండ్ ఒకటుంది, 2025 అక్టోబర్లో యూనివర్సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో క్యాంపస్‌లో ఇలాంటివాడు తిరుగుతున్నాడని విద్యార్థులకి హెచ్చరిక పంపాల్సొచ్చింది. అది కంటెంట్ కాదండీ, వేధింపు.

అమెరికాలో ఉంటాం, అక్కడ రూల్స్ వేరేనా?

రాష్ట్రాన్ని బట్టి మారతాయి. బే ఏరియాలో ఉంటే జాగ్రత్త, కాలిఫోర్నియాలో ప్రైవేట్ సంభాషణ రికార్డ్ చేయాలంటే మాట్లాడే అందరూ ఒప్పుకోవాలి. టెక్సస్, న్యూజెర్సీలో మీరు ఆ మాటల్లో ఉంటే మీ ఒప్పుకోలు చాలు. ముఖాల డేటా విషయంలో మాత్రం టెక్సస్ గట్టిది, 2024లో మెటా ఆ రాష్ట్రానికి 140 కోట్ల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది.

## వీడియో బయటికొచ్చేశాక

నన్ను తీసి రీల్ పెట్టేశారు. ముందు ఏం చేయాలి?

కామెంట్‌లో తిట్టకండి, వాడు తీసేసి వేరే అకౌంట్లో పెడతాడు. ముందు లింక్ కాపీ చేసుకోండి, అకౌంట్ పేరు, తేదీ, టైమ్ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీయండి, వీడియో మొత్తం స్క్రీన్ రికార్డ్ చేసి ఆ ఫోన్ అలాగే ఉంచండి, కోర్టు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ అడుగుతారు. తర్వాత యాప్‌లో రిపోర్ట్ కొట్టండి, దాంతోపాటు ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి, ఇండియాలో ప్రతి పెద్ద ప్లాట్‌ఫామ్‌కీ ఈ ఆఫీసర్ ఉండాలి. వాళ్లు వినకపోతే 30 రోజుల్లోపు ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్లో అప్పీల్ చేసుకోవచ్చు, లాయర్ అక్కర్లేదు.

తీసింది ప్రైవేట్‌గా ఉన్నప్పటిది అయితే?

అప్పుడు ఆగొద్దు. 1930కి కాల్ చేస్తే ఎక్కువగా డబ్బు మోసాలవే చూస్తారు, ఇలాంటిదానికి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలకి విడిగా భాగముంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. ప్లాట్‌ఫామ్ ఇలాంటివి మీ ఫిర్యాదు అందాక 2 గంటల్లోపు తీయాలని (2026 ఫిబ్రవరి దాకా ఈ గడువు 24 గంటలు) ఐటీ రూల్స్‌లో ఉంది. స్టాప్ ఎన్‌సీఐఐ అనే సర్వీస్ కూడా వాడండి, అందులో మీ ఫోటో ఎక్కడికీ పోదు, మీ ఫోన్లోనే దానికొక కోడ్ తయారై ఆ కోడ్ మాత్రమే అందులో చేరిన కంపెనీలకి వెళ్తుంది, అదే ఫోటో ఎవరైనా వాళ్ల దాంట్లో మళ్లీ పెట్టబోతే ఆగిపోతుంది. 18 ఏళ్ల లోపు పిల్లలదైతే టేక్ ఇట్ డౌన్ అని వేరే ఉంది, పోక్సో కూడా వస్తుంది.

స్టేషన్‌కెళ్తే మా పరిధి కాదు పొమ్మన్నారు?

ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, పోలీసులు, కోర్టులు నడుచుకోవాల్సిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 173లో ఉంది, జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆ మాట, ఆ నంబర్ నోటితో చెప్పండి, చాలాసార్లు అక్కడితో కుర్చీ చూపిస్తారు. అప్పటికీ కాదంటే ఎస్పీకి లేదా కమిషనర్‌కి పోస్టులో రాసి పంపండి, రసీదు దాచుకోండి.

పెట్టింది మావాళ్లే, ఫంక్షన్లో తీసింది. కేసుల దాకా వద్దు, తీయించేదెలా?

ఇదే నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగేది. గ్రూపులో అందరి ముందు అడగొద్దు, పరువు పోయిందని మొండికేస్తారు. విడిగా ఫోన్ చేసి "బావా, ఆ రీల్‌లో నేను అన్నం కలుపుకుంటూ కనపడుతున్నా, మా ఆఫీసువాళ్లు చూస్తున్నారు, ఆ ముక్క కట్ చేసి మళ్లీ పెట్టు" అనండి, మొత్తం తీసేయమంటే తీయరు గానీ ముక్క కట్ చేయమంటే చేస్తారు. ఫోన్ పెట్టేశాక అదే మాట ఒక మెసేజ్‌గా కూడా పంపండి, రేపు వినకపోతే మీరు వద్దన్నట్టు రాతలో ఉంటుంది. రెండు రోజులు చూసి పిన్నికి చెప్పండి.